ఒక్కటే మగ ఈగ

నా చెయ్యి వణకదని ఆ వేసవంతా నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. ఇంట్లోనూ బయటా మాత్రం అందరూ అది వణుకుతోందన్నట్టే మసలుకోవడం మొదలుపెట్టారు. నోరు తెరిచి ఒక్కరూ అనరు, అదీ నా మంట. మా ఆవిడ విమల టీ సగం గ్లాసే పోసిచ్చేది. మల్కాజ్‌గిరి స్టేషన్ బయట టిఫిన్ బండి నడిపే పర్వతాలు ఇడ్లీ ప్లేటు నా చేతికివ్వకుండా తనే తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. "సగం గ్లాసేందే, పాలు పిరమైనయా?" అని నేను గయ్‌మంటే విమల తల కూడా ఎత్తకుండా, "కాలుతున్నది, చల్లారినంక ఇంకింత పోస్త" అనేది. బేగంపేటలో నరాల డాక్టరు దగ్గరికి ఎవరికీ చెప్పకుండా వెళ్ళొచ్చిన మాట నిజమే. ఆయన రాసిచ్చిన మాత్రలు నా సంచి అడుగున విప్పకుండా పడి ఉన్న మాటా నిజమే. కానీ సూది పట్టుకున్నాక అవేవీ ఉండవని నా ధీమా.

నా పేరు తిరుమల్. సికింద్రాబాద్‌లో రైలు పట్టాల పక్కనున్న ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నా పని ఈగలు. ఇది వినగానే జనం ముక్కు మీద చెయ్యి వేసుకుంటారు. అన్నం మీద వాలే ఈగలు కావు స్వామీ, కొండ అడవుల్లో తడి నాచు మీద బతికే ఆవగింజంత ఈగలు. రిటైరయ్యాక కూడా పాత ల్యాబు తాళంచెవి నా దగ్గరే ఉంచారు, ఎందుకంటే నా ఆఖరి రీసెర్చ్ స్టూడెంట్ కల్పలత పని ఇంకా తెగలేదు. ఆమెది లాలాగూడ రైల్వే క్వార్టర్స్. వాళ్ళ నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ పిల్లకు మాట తక్కువ, మొండితనం ఎక్కువ. గురువుకు తగ్గ శిష్యురాలే.

పడమటి కనుమల్లో ఏడాదిలో సగం రోజులు మబ్బులో మునిగి ఉండే అడవి ఒకటుంది. ఎండ పడదు, చెట్ల కొమ్మలన్నీ నాచు కప్పుకుని ఉంటాయి. కల్పలత వానాకాలం వచ్చినప్పుడల్లా అక్కడికి వెళ్ళి, జలగలతో కాళ్ళు కరిపించుకుని, వల విసిరి ఈగల్ని పట్టుకొచ్చేది. వాటిల్లో కాలి మీద నల్లటి పట్టీ ఉన్న ఈగలు కొన్ని వచ్చాయి. అలాంటిది ఇంతవరకు ఎవరూ రాయలేదు. కానీ దొరికినవన్నీ ఆడవే. ఈ ఈగల్లో ఆడవాటితో ఏదీ తేలదు. అసలు గుట్టంతా మగ ఈగ తోక చివర ఉంటుంది. జత కట్టేటప్పుడు ఆడదాన్ని పట్టుకునే రెండు కొక్కేలు, వాటి నడుమ ఒక ముల్లు. ఆ ముల్లు ఆకారం చూపిస్తే తప్ప ఇది కొత్త జాతి అని ఎవరూ ఒప్పుకోరు.

ఆఖరి ప్రయాణంలో ఒకే ఒక్క మగ ఈగ దొరికింది. ఆ తర్వాత కొండచరియలు విరిగిపడి, అడవి శాఖవాళ్ళు ఆ దారి మూసేశారు. ఎప్పుడు తెరుస్తారో వాళ్ళకే తెలీదు. అంటే ఆ ఒక్కదాని తోక చెడిపోయిందా, ఈగకు పేరు లేదు, కల్పలతకు థీసిస్ లేదు. ఈ వానలు మొదలయ్యేలోపు థీసిస్ ఇవ్వకపోతే యూనివర్సిటీవాళ్ళు ఆమె రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారు. ఇంటికొచ్చిన టీచరు ఉద్యోగం కూడా ఈ ఈగ కోసమే వదులుకున్న పిల్ల ఆమె.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ ఒక్క ఈగను చూపించి కొత్త జాతికి పేరు పెడతామో, ఆ ఈగను గురువే విప్పాలి. మా గురువు నరసరాజు గారు కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, చివరిదాకా అలాగే చేశారు. శిష్యుడు తోక చివర కత్తిరించి, వేడి కాస్టిక్ సోడా నీళ్ళలో కండ కరిగించి, కడిగి, గుంట ఉన్న గాజుపలక మీద గ్లిజరిన్ చుక్కలో పెట్టి ఇవ్వాలి. ఆ తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. గురువు మైక్రోస్కోప్ కింద రెండు సూదులతో ఆ కొక్కేల్ని విడదీయాలి. సూదులంటే కుట్టుపని సూదులు కాదు, చీపురుపుల్ల చివర గుచ్చిన వెంట్రుకంత సన్నటి పిన్నులు.

పోయిన వారం కల్పలత నా ముందు నిలబడి నసిగింది. "సార్, మామూలు ఈగల మీద మస్తు ప్రాక్టీస్ చేసిన. ఒక్కటి సుత ఖరాబ్ కాలే. ఇది జెర నేను చేయనా?"

"నేనింక చావలే గదా" అన్నాను.

ఆ పిల్ల మొహం మాడిపోయింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేను ఆ మాట అన్నందుకు బాధపడ్డానని చెప్పను. నాకు కోపమే వచ్చింది.

మే నెల, పదిన్నరకే ల్యాబు పెనంలా కాలుతోంది. ఫ్యాను వేయకూడదు, ఈగ తోక ఎగిరిపోతుంది. కిటికీలు మూసేశాం. ఊపిరి తగలకుండా ఇద్దరం ముక్కుకు రుమాళ్ళు కట్టుకున్నాం. ఇవన్నీ కాక మా ల్యాబుకు రైళ్ళ బాధ ఒకటుంది. గూడ్స్ బండి పోతే బల్ల జిల్లుమని అదురుతుంది. అందుకని బండి పోయేదాకా ఆగి, దాని వెనకాల పని మొదలుపెట్టి, మరోటి వచ్చేలోపు ముగించాలి. పట్టాల మీద చప్పుడు మొదలవకముందే బల్లకు ఆనించిన మోచేతికి తెలిసిపోతుంది మాకు.

కల్పలత గాజుపలక తెచ్చి మైక్రోస్కోప్ కింద పెట్టింది. ఆ పిల్ల రుమాలు ముడి రెండుసార్లు సర్దుకుంది. భయపడుతోందిలే అనుకున్నాను. పక్కనే అట్టపెట్టెలో తోకలేని ఈగ గుచ్చి ఉంది, కాలి మీద నల్లపట్టీ కనిపిస్తూ.

"గూడ్స్ వస్తున్నది సార్" అంది.

ఆగాను. బండి పోయింది. బల్ల కుదురుకుంది. సూదులు రెండూ పట్టుకుని కళ్ళు ఆనించాను.

మొదటి కొక్కెం వెన్నలాగా విడిపోయింది. ఎవడ్రా నా చెయ్యి వణుకుతుందన్నది, అనుకున్నాను. నిజంగా అట్లాగే, లోపల్లోపల బూతు కూడా కలిపి అనుకున్నాను. చెమట కనుబొమ్మల మీద నుంచి జారుతోంది. రెండో కొక్కెం అడుగున సన్నటి పొర అతుక్కుని ఉంది. ఎడమ సూదితో అదిమిపట్టి, కుడి సూదితో ఆ పొర తెంపాలి. కుడి సూది మొన దగ్గరికి వెళ్ళింది. వెళ్ళిందే గానీ, నిలవలేదు. ఒక్కసారి పక్కకు కొట్టుకుంది. కొక్కెం సగానికి విరిగి, ముక్క గ్లిజరిన్‌లో తేలుతూ కనపడకుండా పోయింది.

"ఈ దిక్కుమాలిన గూడ్స్!" అని నా నోట్లోంచి వచ్చేసింది.

 మా చేతికి చిక్కిన ఒకే ఒక్క మగ ఈగ. మూసేసిన దారి. వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్ల. కళ్ళు మైక్రోస్కోప్ నుంచి తీయడానికి నాకు ధైర్యం చాలలేదు. గొట్టంలోకి చూసేవాడికి తప్ప లోపల ఏం జరిగిందో ఎవరికీ కనపడదు.

"వచ్చిందా సార్?" అంది వెనక నుంచి.

"వచ్చింది" అన్నాను.

ఎందుకన్నానో అడక్కండి. రికార్డు పుస్తకంలో పక్కవాడి బొమ్మ చూసి గీశారని పిల్లల్ని గెంటేసిన మాస్టారిని నేను. నాలుక దానంతటదే ఆ మాట అనేసింది. ఆ క్షణంలో నామీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. విరిగిన ముక్క దొరికితే పక్కన పేర్చి ఎలాగో బొమ్మ గీయించవచ్చేమోనని, దొంగలాగా గ్లిజరిన్ అంతా వెతకడం మొదలుపెట్టాను. అలా వెతుకుతుంటే నడుమ ఉన్న ముల్లు కంటబడింది.

ముల్లు చివర రెండుగా చీలి ఉంది.

ఆ ముల్లు నాకు తెలుసు. అదే కొండల్లో, అదే నాచు మీద వందలకొద్దీ దొరికే మామూలు ఈగది. నా కుర్రతనంలో దాని బొమ్మ గీసింది నేనే. కళ్ళు మూసుకుని కూడా గీయగలను. హమ్మయ్య, నేను పాడుచేసింది అపురూపమైనదేం కాదు అని ముందు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే, అయితే ఇది కొత్త జాతి కాదా, ఈ పిల్ల ఇన్నేళ్ళ కష్టం బూడిదేనా అని తట్టింది. అప్పుడు అట్టపెట్టెలోని ఈగ వైపు చూశాను. కాలి మీద నల్లపట్టీ. మామూలు ఈగకు పట్టీ ఉండదు. ఈ తోక ఆ ఈగది కాదు.

తల తిప్పి చూశాను. కల్పలత నా వైపు చూడటం లేదు, నేల వైపు చూస్తోంది.

"ఇది ఏ ఈగ?" అన్నాను.

"మామూలుది సార్."

"పొరపాటున మారిందా?"

"లేదు సార్. నేనే మార్చిన."

రుమాలు పీకి బల్ల మీద కొట్టాను. "ఏందీ? నన్ను పిచ్చోణ్ణి చేస్తున్నవా? నీకు ఈ విద్య నేర్పింది నేను. వల పట్టుడు సుత రాని దినాల నుంచి నేర్పిన. నాకు దొంగ ఈగ పెడతవా?"

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, తలెత్తి నన్ను చూసింది. "భయమైంది సార్. మొన్న ఫారం మీద సైన్ చేస్తుంటే పెన్ను చేతిలకెల్లి పడ్డది. పొద్దున తాళం తీయనీకె ఎంత పరేషాన్ అయిండ్రు. నేను చేస్త అంటే చావలే అన్నరు. ఇంక నేనేం చెయ్యాలె? మీకు ఎట్ల చెప్పాలె?"

"అందుకని మోసం చేస్తవా?"

"మామూలుది మంచిగ విప్పితే, అప్పుడు అసలుది ఇద్దామనుకున్న."

"అంటే నాకు పరీక్ష పెట్టినవ్" అన్నాను. నా గొంతు నాకే వినబడనంత చిన్నగా వచ్చింది. పరీక్షలు పెట్టడం తప్ప రాయడం మరిచిపోయి ఎంత కాలమైందో.

"తప్పు చేసిన సార్. మీరు ఏమన్న అనుండ్రి." బల్ల చివర బోర్లించిన గాజుమూతను తీసింది. కింద ఇంకో పలక ఉంది. "ఇగో, అసలుది. మీరు వచ్చింది అన్నరు గదా. మీరే చేయుండ్రి."

ఆ పలకను నా ముందు పెట్టి, పాతది పక్కకు జరిపి, ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ చేతులు కట్టుకుంది.

గెలిచాను. ఇంకేం కావాలి? పద్ధతి నిలబడింది, గురువు మాట నిలబడింది, ఈగ నా ముందుంది. సూదులు మళ్ళీ తీసుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, తీసుకున్నాను. మొదటిది ఆ పొర వల్ల పోయింది, ఈసారి అడుగు నుంచి వెళితే సరిపోతుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను కూడా. కళ్ళు ఆనించాను. గ్లిజరిన్‌లో ఆ తోక తేనె రంగులో మెరుస్తోంది. ఎంత అందంగా ఉందో! కుడి పక్క నుంచి నా సూది మొన లోపలికి వచ్చింది.

అది ఆగడం లేదు. మామూలు కంటికి సన్నటి వణుకే అయివుండొచ్చు. మైక్రోస్కోప్ కింద మాత్రం ఆ సూది గడకర్రలా అటూ ఇటూ ఊగుతోంది. మోచెయ్యి అదిమాను. ఊపిరి బిగబట్టాను. పళ్ళు కొరికాను. "ఆగవే, ఆగవే" అని చేతిని బతిమాలుకున్నాను. ఆగలేదు. ఆ మొన కొక్కేనికి వెంట్రుకవాసి దూరంలో కొట్టుకుంటోంది. ఇంకొక్క రవ్వ ముందుకు నెడితే నా మొహం దక్కేది, ఈ పిల్ల బతుకు పోయేది.

సూదిని వెనక్కి లాగేశాను. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

"ఇటు రా. ముందటి పలక పెట్టి చూడు" అన్నాను.

చేతులు కట్టుకునే నిలబడింది.

"రమ్మంటున్న గదా. నేను వచ్చింది అన్నది అబద్ధం. కొక్కెం ఇరగ్గొట్టిన. మామూలుదే నా చేత కాలే. చూడు."

"చూసేది ఏమున్నది సార్? నాకు తెల్సు."

"ఏం తెల్సు?"

"గూడ్స్ అని తిట్టిండ్రు" అంది మెల్లగా. "అప్పుడు గూడ్స్ ఏది రాలే సార్."

 పట్టాల మీద చీమ నడిచినా మోచేతితో పసిగట్టే ఇద్దరం ఆ గదిలో ఉన్నాం, నేను లేని రైలును తిట్టాను. రైల్వే క్వార్టర్స్‌లో పుట్టిన పిల్ల ముందు!

అంతలోనే నాకు మళ్ళీ కోపం వచ్చింది, ఈసారి న్యాయమైన కోపమే. "అంతా తెలిసి అసలుదాన్ని నా ముందల పెడతవా? బుద్ధున్నదా నీకు? నేను ఇది సుత ఇరగ్గొడితే?"

"మీరు ముట్టరని తెల్సు సార్."

ఆ మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకే తెలియని సంగతి అది. సూది లోపలికి పోనిచ్చాను కూడా. నా మీద నాకు లేని నమ్మకం ఆ పిల్లకు ఎక్కడి నుంచి వచ్చిందో, అప్పుడు తెలీలేదు, ఇప్పటికీ అర్థం కాలేదు.

"ముట్టుకుంటే?" అన్నాను.

"చెయ్యి పట్టుకుని గుంజేదాన్ని" అంది. రుమాలు మీద నుంచి కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కళ్ళలో హాస్యం లేదు, అన్నంత పనీ చేసేదే.

నేను లేచాను. కుర్చీ ఆ పిల్ల వైపు జరిపాను. కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. నరసరాజు గారు పైనుంచి చూస్తుంటే ఏమనుకున్నా సరే అనుకుని, "కూసో. నువ్వే చెయ్యి" అన్నాను.

"పద్ధతి సార్..."

"పద్ధతి గిద్దతి ఏంలేదు. కూసో."

కూర్చుంది. సూదులు గుడ్డతో తుడుచుకుంది. నేను వెనక నిలబడి చేతులు కట్టుకున్నాను. కుడి చేతిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాను, వెనకాల ఎవరూ చూడరు కదా. ఎన్నేళ్ళుగానో శిష్యులు ఇలా నిలబడి ఏం అనుభవించారో నాకు ఆరోజే తెలిసింది. ఏమీ కనపడదు. ఎదుటి మనిషి వీపు, మెడ మీద చెమట, వేళ్ళ కదలిక, అంతే.  "అడుగు నుంచి పో" అనబోయి నాలుక కరుచుకున్నాను. ఊపిరి పీల్చాలంటే భయం వేసింది.

ఇంతలో కాళ్ళ కింద సన్నగా అదురు మొదలైంది. ఈసారి నిజం గూడ్సే. సూదులు ఇంకా లోపలే ఉన్నాయి.

అరవబోయాను. అరిస్తే ఉలిక్కిపడుతుంది. పిడికిలి నోట్లో పెట్టుకున్నాను. ఆ పిల్ల వేళ్ళు ఆగాయి. తొందరపడలేదు, తల కూడా కదపలేదు. ఒక సూది, ఆ తర్వాత రెండోది, అంత నింపాదిగా పైకి తీసి చేతులు బల్లకు దూరంగా గాల్లో పట్టుకుంది. బండి వచ్చింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి, బల్ల జిల్లుమంది, పెట్టె వెనక పెట్టె పోతూనే ఉంది. ఇంత పొడుగు బండి వేసినవాణ్ణి పట్టుకుని తన్నాలనిపించింది. ఆఖరి పెట్టె పోయింది. బల్ల కుదురుకుంది. సూదులు మళ్ళీ దిగాయి.

ఎంతసేపు గడిచిందో తెలీదు. వేళ్ళు కదలడం మానేశాయి. సూదులు పక్కన పెట్టింది. కళ్ళు మాత్రం ఎత్తలేదు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమైందమ్మా?"

ఆ పిల్ల గొట్టానికి ఇంకా దగ్గరగా వంగింది.

"కల్పలతా, ఏమైంది? చెప్పు, ఏం పరవాలేదు, నేను తిట్టను."

"సార్, రెండు కొక్కేలు మంచిగున్నయి" అంది. గొంతు వణుకుతోంది, చేతులు కాదు. "ముల్లు ఒకటే ఉన్నది సార్. చీలలే. చివరకు పోయి పక్కకు వంగింది. కొడవలి లెక్క."

కొడవలిలా వంగిన ముల్లు. అలాంటిది ఏ ఈగకూ లేదు. నేను చదివినవాటిలో లేదు, గీసినవాటిలో లేదు. కొత్త జాతి, అనుమానం లేదు, కల్పలత గట్టెక్కింది.

నా కాళ్ళు రెండడుగులు ముందుకు వేశాయి. అలవాటు అది. ఆ భుజం పట్టుకుని పక్కకు జరిపి, గొట్టంలోకి చూసేయాలని ఒళ్ళంతా పీకింది. ఇన్నేళ్ళూ ప్రతి కొత్త ఈగనూ మొదట చూసింది నేనే. నా కళ్ళు చూశాకే ఇంకో మనిషి కళ్ళు చూసేవి. అదొక్కటే ఈ పనిలో నాకు దొరికిన సుఖం, దాని కోసమే బతికాను. కుర్చీ వెనక ఆగిపోయాను.

"సార్, చూడుండ్రి" అని లేవబోయింది.

"కూసో" అన్నాను. "ఇంక జెరసేపు చూడు. భూమ్మీద దాన్ని చూసిన మొదటి మనిషివి నువ్వే."

ఆ మాట అంటుంటే నాకు ఈర్ష్య కలిగింది, దాచను. ఆ పిల్ల మళ్ళీ కళ్ళు ఆనించింది. ఏడుస్తున్నట్టుంది, భుజాలు కదులుతున్నాయి. నేను ఫ్యాను వేయకుండా ఆ ఉక్కలోనే నిలబడి ఉన్నాను. చాలాసేపటికి లేచి కుర్చీ ఇచ్చింది. అప్పుడు కూర్చుని, రెండోవాడిగా చూశాను.